ఏడవకపోతేనే విశ్వాసమా? తమ్ముడు పోయాక చర్చిలో సాక్ష్యం చెప్పమంటున్నారు

సఫిల్‌గూడ_అక్క (ప్రశ్న)

అందరికీ వందనాలు. ఇది చాలాసార్లు టైప్ చేసి డిలీట్ చేశా, ఈరోజు ఎలా వస్తే అలా పోస్ట్ చేసేస్తున్నా.

మా తమ్ముడు మొన్న ఆగస్టులో పోయాడు. బ్లడ్ క్యాన్సర్, ఏఎంఎల్ అన్నారు. జ్వరం తగ్గట్లేదని టెస్టులు చేయిస్తే బయటపడింది, ఇంక అక్కడి నుంచి హాస్పిటల్, కీమో, ప్లేట్‌లెట్స్ పడిపోవడం, ఎస్‌డీపీ (ఒకే మనిషి నుంచి తీసే ప్లేట్‌లెట్స్) డోనర్ల కోసం అర్ధరాత్రి వాట్సాప్‌లో ముక్కూమొహం తెలీనివాళ్లని బతిమాలడం ఇదే పని. కులం మతం ఏమీ అడక్కుండా ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇచ్చారు, వాళ్లకి జీవితాంతం రుణపడి ఉంటాం. చర్చిలో గొలుసు ప్రార్థన (ఒకరి తర్వాత ఒకరు ఆగకుండా చేసేది) పెట్టారు, ఇంట్లో అందరం ఉపవాసాలు ఉన్నాం. ఇంకో మాట, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాడు తీసుకున్న వాగ్దాన కార్డులో (కొత్త సంవత్సరానికి వచనం రాసిచ్చే కార్డు) వచ్చింది కీర్తన 91:16, "దీర్ఘాయువుచేత అతనిని తృప్తిపరచెదను" అని. అమ్మ ఆ కార్డుని హాస్పిటల్‌లో వాడి తలగడ కింద పెట్టింది.

ఇప్పుడు ప్రాబ్లం ఏంటంటే అమ్మ భూస్థాపన రోజు నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు. ఎవరొచ్చినా "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అంటుంది, చర్చిలో చేతులెత్తి పాడుతుంది, అందరూ ఆ తల్లి విశ్వాసం చూడండి అంటున్నారు. ఆదరణ కూడికలో (మనిషి పోయాక ఓదార్పుకి పెట్టే ప్రార్థన) ఒకాయన మైకులోనే చెప్పాడు, విశ్వాసి ఏడిస్తే సాతానుకి సందిచ్చినట్టే అని. కానీ ఆవిడ రాత్రిళ్లు అస్సలు పడుకోవట్లేదు, రెండింటికి లేచి చూస్తే తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ ఉంటుంది.

నేనేమో పూర్తిగా ఉల్టా. పాట మొదలైతే నాకు గొంతు పెగలదు. ప్రార్థనకి కూర్చుంటే దేవుడితో గొడవ పెట్టుకోవడమే అవుతోంది, లేదంటే అసలు మాటే రాదు. అయినా ప్రతి ఆదివారం వెళ్తున్నా, వెనక బెంచీలో కూర్చుని ఆశీర్వాదం అవ్వగానే ఎవరికీ దొరక్కుండా వచ్చేస్తున్నా. ఒకావిడ నా మొహం మీదే అంది, కీమోకి పోకుండా పూర్తిగా ప్రభువు మీద ఆనుకుని ఉంటే బతికేవాడు కదా అని.

ఇప్పుడు పాస్టర్ గారు వచ్చే నెల మా ఫ్యామిలీ అంతా ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలంటున్నారు. అమ్మ సరే అనేసింది. నేను అక్కడ నిలబడి "ఇంత జరిగినా నాకు సమాధానం ఉంది" అంటే అది అబద్ధం, చెప్పనంటే అమ్మకి తలవంపులు. నేను దేవునికి నమ్మకంగా ఉన్నట్టా, లేనట్టా? అమ్మని ఎలా ఏడిపించాలి? (అడగడానికే పిచ్చిగా ఉంది.) దయచేసి ఉత్త వచనాల లిస్టు మాత్రం పెట్టకండి, అవన్నీ మాకు వాట్సాప్‌లో వచ్చేశాయి.

---

అల్వాల్_యూత్

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. చాలా బాధగా ఉంది చదువుతుంటే. రోమా 8:28 గుర్తు పెట్టుకోండి, అన్నీ మేలు కోసమే. తోటలో మంచి పువ్వునే యజమాని ముందు కోసుకుంటాడు కదా. తప్పకుండా సాక్ష్యం చెప్పండి, మీ సాక్ష్యం వల్ల చాలామంది బలపడతారు. మీకోసం ప్రేయర్ చేస్తాను.

---

వార్డు_సిస్టరమ్మ

అల్వాల్ బాబూ, మంచి మనసుతోనే అన్నావు, కానీ ఆ పువ్వు మాట మాత్రం బిడ్డ పోయిన తల్లి ముందు ఎప్పుడూ అనకు నాయనా. సికింద్రాబాద్‌లో వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను, ఆ మాట విన్న తల్లుల మొహాలు దగ్గర నుంచి చూసినదాన్ని. వాళ్లు తలూపుతారు, అంతే.

అమ్మా సఫిల్‌గూడా, ముందు ఆ కీమో మాట తేల్చేస్తాను, ఎందుకంటే అది నీ గుండెలో ముల్లులా ఉండిపోతుంది. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఉన్నప్పుడు దేవుడు పదిహేనేళ్లు ఆయుష్షు పెంచాడని అందరూ ప్రసంగాల్లో చెప్తారు, దాని పక్క వచనం మాత్రం ఎవరూ చదవరు, రెండో రాజులు 20:7. యెషయా ప్రవక్త అంజూరపు పళ్ల ముద్ద తెప్పించి ఆ పుండు మీద వేయించాడు. ఆయుష్షు పెంచుతానని దేవుడు చెప్పేశాక కూడా వైద్యం చేశారు! పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. అదే పౌలు త్రోఫిముని రోగిగా మిలేతులో వదిలేసి వచ్చానని తిమోతికి రాశాడు, మరి పౌలుకి విశ్వాసం తక్కువా? ఆవిడ మళ్లీ అంటే ఈ మాట అడుగు. అడగలేకపోతే వదిలెయ్, అలాంటివాళ్లతో గెలిచి చేసేదేముంది.

ఇక ఏడుపు. మైకులో మాట్లాడినాయన అపొస్తలుల కార్యములు 8:2 చదివినట్టు లేడు. విశ్వాసం కోసం రాళ్లతో కొట్టి చంపిన స్తెఫను చనిపోయేముందు ఆకాశం తెరుచుకుని యేసు నిలబడి ఉండటం చూశాడు, అంటే అతను ఎక్కడికి పోయాడో అందరికీ తెలుసు, అందులో అనుమానమే లేదు. అయినా భక్తిగలవాళ్లు అతన్ని సమాధి చేసి బాగా ఏడ్చారని రాసుంది. భక్తిలేనివాళ్లు కాదు తల్లీ, భక్తిగలవాళ్లు. మా నాన్నగారి ఆదరణ కూడికలో ఇదే చదివించాను నేను. పౌలు కూడా అంతే, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు చావుదాకా వెళ్లి బతికితే, నాకు దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు కనికరించాడని ఫిలిప్పీయులకు రాశాడు. బతికితే సంతోషం, చచ్చిపోతే ఇంకా సంతోషం అని రాయలేదు. థెస్సలొనీకయుల పత్రికలో నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు కదా అంటారు, నిజమే, కానీ ఆ ఒక్క వచనం పట్టుకుని జనాల్ని ఏడవనివ్వరు మనవాళ్లు, యేసయ్యే లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు, అదీ ఇంకాసేపట్లో తనే లేపబోతూ.

మా చిన్నప్పుడు గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను అనే ప్రార్థనా మందిరానికి వెళ్లేవాళ్లం. అక్కడి దైవసేవకుడు భక్తసింగ్ గారి ప్రార్థన కోసం ఎక్కడెక్కడి నుంచో రోగుల్ని తీసుకొచ్చేవాళ్లు. ఆయనే చివరి ఏళ్లు పార్కిన్సన్స్‌తో మంచం పట్టి 2000 సెప్టెంబర్‌లో పోయారు. ఆయన విశ్వాసం తగ్గిపోయిందని అన్నవాళ్లని నేనైతే చూడలేదు. మరి మీ తమ్ముడి విషయంలో మాత్రం ఆ లెక్క ఎందుకు?

అమ్మని ఏడిపించాలని చూడకు. అబ్బాయి చిన్నప్పటి సంగతులు ఏదో ఒకటి నువ్వే ఎత్తు, వాడు చేసిన అల్లరి, వాడికి ఇష్టమైన కూర. "దేవుడు మంచివాడు" అనే మాట రాకుండా వాడి గురించి మాట్లాడుకునే చోటు ఆవిడకి ఇంట్లో దొరకాలి.

---

మౌలాలి_మాజీ

నేను క్రిస్టియన్ ఫ్యామిలీనే, ఇప్పుడు పోతలేను. ఇక్కడ రాయాల్నా వద్దా అనుకున్న గానీ అక్క బాధ చూసి రాస్తున్న. మా నాయిన పోయినప్పుడు గూడ గిట్లనే చేసిన్రు, వారం తిరగకముందే స్టేజ్ ఎక్కించి మాట్లాడిపిచ్చిన్రు. ఆ రోజు మా అమ్మ నవ్వుకుంట మాట్లాడింది, అందరు చప్పట్లు కొట్టిన్రు. గప్పటి సంది నాకు చర్చి అంటే మనసు ఒప్పలే.

ఒక్కటి అడుగుత, ఎవరన్న చెప్పున్రి. బైబిల్ల పిల్లల్ని, ఆస్తిని అంత పోగొట్టుకున్న యోబుకి చివర్ల మళ్ల పదిమంది పిల్లలు పుట్టిన్రు, అంత డబుల్ అయింది అని హ్యాపీగ ముగిస్తరు కదా. మరి ముందు ఇల్లు కూలి సచ్చిపోయిన పదిమంది సంగతేంది? పిల్లలంటే ఏమన్న పాత బండి ఇచ్చి కొత్తది తెచ్చుకునుడా? కొట్లాటకి అడుగుతలేను, నిజంగనే అడుగుతున్న. మా అమ్మని గూడ అడిగిన, ఆమె ఏం చెప్పలే.

---

మేడ్చల్_కాపరి

సిస్టర్ గారూ, మేడ్చల్ వైపు చిన్న సంఘం నడుపుతున్నాను, రేకుల షెడ్డే మా చర్చి. మౌలాలి బ్రదర్ ప్రశ్నకి తర్వాత వస్తాను.

సాక్ష్యం ఎందుకు చెప్పమంటారో మా వైపు నుంచి చెప్తాను, సమర్థించడానికి కాదు. సంఘంలో ఒక కుర్రాడు పోతే, అందరూ ప్రార్థించినా పోతే, పాస్టర్‌కి భయం పట్టుకుంటుంది. మిగతావాళ్ల విశ్వాసం ఏమవుతుంది, ఇంత ప్రార్థన చేశాం కదా అంటే ఏం చెప్పాలి అని. అప్పుడు ఆ కుటుంబమే లేచి "పర్లేదు" అంటే అందరికీ ఊపిరి ఆడుతుంది. అంటే మీ దుఃఖంతో మా భయాన్ని తీర్చుకోవడం అన్నమాట. మీ పాస్టర్ గారు చెడ్డవారని అనట్లేదు, నాకు తెలిసి మాలో చాలామందికి ఇది చేస్తున్నామని కూడా తెలీదు.

మీ అసలు ప్రశ్న, మీరు నమ్మకంగా ఉన్నారా లేదా. యోబు గ్రంథం 42 అధ్యాయాలు. అమ్మగారు చెప్పే మాట మొదటి అధ్యాయంలోది. మూడో అధ్యాయం తీస్తే అదే యోబు తను పుట్టిన రోజునే శపిస్తున్నాడు, ఆ తర్వాత ఇంకా ముందుకెళ్లి దేవుడి మీదే ఫిర్యాదు చేస్తాడు, నాతో వాదించు రా అన్నంత పని చేస్తాడు. అమ్మగారు మొదటి అధ్యాయంలో ఉన్నారు, మీరు మూడో అధ్యాయంలో ఉన్నారు, ఇద్దరూ యోబే. మరి చివర్లో దేవుడికి కోపం ఎవరి మీద వచ్చింది? 42:7 చూడండి, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని అన్నిటికీ సమాధానం చెప్పిన ఎలీఫజు మీద, అతని ఇద్దరు స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు. అన్ని అధ్యాయాలు అరిచినవాణ్ణి పట్టుకుని! ఆ ముగ్గురూ చేసిన మంచి పని ఒకటుంది, మొదట్లో ఏడు రోజులు ఏడు రాత్రులు ఏం మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది అంతా.

యోబు దేవుడి గురించి ఇంకొకరి దగ్గర గొణిగి ఊరుకోలేదు, దేవుడితోనే మాట్లాడాడు. మీరు ప్రార్థనలో గొడవ పెట్టుకుంటున్నా అన్నారే, నా దృష్టిలో అది విడిచిపెట్టినవాళ్లు చేసే పని కాదు. 88వ కీర్తన చూడండి, మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా "అయినను స్తుతించెదను" అని తిరగదు, చీకటి అనే మాట దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసెయ్యలేదు, మన బైబిల్లోనే ఉంది, దేవాలయంలో పాడటానికి రాసిందది.

వాగ్దాన కార్డు సంగతి. మేమూ ఇస్తాం, మానేస్తే మా జనం పక్క చర్చికి వెళ్లి తెచ్చుకుంటారు, అది వేరే కథ. కానీ మీకు వచ్చిన ఆ 91వ కీర్తనలోని మాటలే అరణ్యంలో సాతాను యేసుకి చెప్పాడు, దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారు అని, మత్తయి 4లో. ఆయన దూకలేదు. ఆ కీర్తన అబద్ధం అనట్లేదు నేను. దాన్ని గ్యారంటీ కార్డులా చేతిలో పెట్టి ఇదిగో దేవుడు రాసిచ్చాడు అనడం యేసే ఒప్పుకోలేదు, ఆయనకైతే ఈ లోకంలో దీర్ఘాయువు లేనే లేదు.

అపొస్తలుల కార్యములు 12 కూడా ఒకసారి చదవండి. హేరోదు రాజు యేసు శిష్యుడు యాకోబుని కత్తితో చంపించాడు, ఒక్క వచనంలో అయిపోయింది. అదే అధ్యాయంలో పేతురుని దూత వచ్చి జైలు నుంచి బయటికి తీసుకొచ్చాడు. అదే సంఘం, అదే దేవుడు. యాకోబు అమ్మ ఆ రోజు ఏమనుకుని ఉంటుందో అని నేను ఆలోచిస్తుంటాను. ఎందుకు ఒకరు, ఎందుకు ఇంకొకరు కాదు అని ఆ గ్రంథం రాసిన లూకా ఒక్క ముక్క వివరణ రాయలేదు. నేనూ చెప్పలేను.

మౌలాలి బ్రదర్, మీరడిగింది మంచి ప్రశ్న. లెక్క చూడండి, గొర్రెలు ఏడు వేల నుంచి 14,000 అయ్యాయి, ఒంటెలు మూడు వేల నుంచి 6,000. పిల్లలు మాత్రం ఇరవై కాలేదు, మళ్లీ పదిమందే. పోయిన పదిమంది దేవుడి దగ్గర ఉన్నారు కాబట్టే డబుల్ చెయ్యలేదని కొంతమంది వివరిస్తారు. నాకు ఆ వివరణ ఇష్టమే, కానీ గ్రంథంలో అలా రాసి లేదు కాబట్టి గట్టిగా చెప్పను. పాత బండి కొత్త బండి లెక్క మాత్రం కాదు. బంధువులంతా వచ్చి యోబుని ఓదార్చారని 42:11లో ఉంది, అంటే అప్పటికీ ఓదార్పు కావాల్సిన మనిషే అతను.

సాక్ష్యానికి బదులు మీరు ముందుకెళ్లి 13వ కీర్తన చదివి వచ్చేయొచ్చు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు" అని మొదలవుతుంది. మీ సొంత మాట ఒక్కటీ కలపక్కర్లేదు, అబద్ధమూ ఉండదు. అదీ వద్దనిపిస్తే వద్దు.

---

గుండ్లకమ్మ_కూకట్‌పల్లి

మాది ఒంగోలు వైపు, ఇక్కడ సెటిల్ అయ్యాం. వాగ్దానం గురించి చదివాక ఇది రాయాలనిపించింది. మా ముత్తాతల కాలంలో 1876-78లో పెద్ద కరువు వచ్చింది, ఊళ్లకి ఊళ్లు ఖాళీ. అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్ట్ తీసుకుని జనానికి కూలి పని ఇప్పించాడు. మీరు చూడాల్సింది ఏంటంటే కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వస్తున్నారనే మాట రాకూడదని. కరువు తగ్గాక, ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిశాక కూడా జనం వచ్చారు, 1878 జులై 3న ఒక్కరోజే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగపల్లెల వాళ్లు.

ఈ నంబర్ని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు, ప్రతి సభలో వినిపిస్తుంది. నాకు మాత్రం ఇంకోటి తడుతుంది, ఆ నీళ్లలోకి దిగినవాళ్లలో ఎంతమంది అప్పటికే పిల్లల్ని, ముసలివాళ్లని పూడ్చిపెట్టి వచ్చి ఉంటారో కదా. నువ్వు నమ్మితే నీ ఇంట్లో ఎవరూ పోరు అని వాళ్లకి చెప్పి ఉంటే నమ్మేవాళ్లే కాదు, కళ్లారా చూశారు కాబట్టి. అయినా దిగారు. ఎందుకు దిగారో నేను పూర్తిగా చెప్పలేను, అప్పటిదాకా మనుషులుగా కూడా చూడని ఊళ్లలో ఒకరు పక్కన కూర్చుని అన్నం తిన్నారు, బహుశా అదీ ఒక కారణం. మెదక్ చర్చి కూడా చూడండి, దాన్ని కట్టే రోజుల్లో కరువులో జనానికి అక్కడ పని దొరికిందని చెప్తారు, 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠించారు. మన దగ్గర విశ్వాసం ఏసీ హాళ్లలో పుట్టలేదు అక్కా. ఎప్పుడు ఇలా మారిపోయిందో, కష్టం వచ్చినవాడే తప్పు చేసినవాడు అన్నట్టు.

---

అల్వాల్_యూత్

సిస్టరమ్మ గారూ సారీ అండి, నిజంగా అలా అనిపిస్తుందని తెలీదు. సఫిల్‌గూడ అక్కా, ఇప్పటికీ ప్లేట్‌లెట్స్ ఎవరికైనా కావాలంటే మా యూత్ గ్రూప్ ఉంది, ఎస్‌డీపీ ఇచ్చేవాళ్లు ఉన్నారు.

---

సఫిల్‌గూడ_అక్క

అందరికీ థ్యాంక్స్. అల్వాల్ తమ్ముడూ నీ గ్రూప్ డీటెయిల్స్ మెసేజ్ చెయ్యి, ఆ వార్డులో ఇంకా మాకు తెలిసిన పిల్లాడు ఒకడున్నాడు, ఓ పాజిటివ్ కావాలి.

అప్‌డేట్ ఏంటంటే పాస్టర్ గారితో ఫోన్లో మాట్లాడా. నేను సాక్ష్యం చెప్పనండి, కావాలంటే కీర్తన చదువుతా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఏ కీర్తన" అని అడిగారు, చెప్తే సరే చూద్దాంలే అన్నారు. ఆయనకి నచ్చలేదని అర్థమైంది కానీ వద్దనలేదు. మైకులో మాట్లాడినాయన పేరెత్తితే మాత్రం టాపిక్ మార్చేశారు.

అమ్మకి స్తెఫను వచనం చూపించా. నా ఫోన్‌లో చదివితే నమ్మలేదు, తన పాత బైబిల్ తెచ్చుకుని కళ్లజోడు పెట్టుకుని చూసింది. చదివి మూసేసింది. ఏడవలేదు. కానీ మర్నాడు పొద్దున వాడి పెట్టె తీసి బట్టలు సర్దుతూ, వీడు టెన్త్‌లో హిందీ పరీక్షకి చెప్పులు మర్చిపోయి వెళ్లాడు గుర్తుందా అని తనే అంది. వాడి పేరు తన నోటి నుంచి ఇన్నాళ్లకి విన్నా. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, దేవుడి ప్రస్తావన రాలేదు.

నా కోపం అలాగే ఉంది. మౌలాలి అన్నా, మీరు రాసింది చదివి ఎక్కువ ఏడ్చా నేను, ఎందుకంటే మీ అమ్మ నవ్వుతూ మాట్లాడటం నాకు కళ్లకి కట్టినట్టు కనబడింది. ఈ ఆదివారం కూడా వెనక బెంచీలోనే కూర్చుంటా. కాపరి గారూ, ఇద్దరూ యోబే అన్న మాట అమ్మకి ఇంకా చెప్పలేదు, చెప్తా.

---

మౌలాలి_మాజీ

కాపరి అన్నా జవాబుకి థ్యాంక్స్. 42:11 నేనెప్పుడు చూడలే. చర్చికొస్త అని మాత్రం అంటలేను. నవంబర్ 2న సమాధుల పండుగకి మా అమ్మని తీస్కపోవాలె, ప్రతి ఏడు డ్రాప్ చేసి గేట్ బయటనే నిలబడుత, ఈసారి లోపలికి పోత కావొచ్చు. అక్కా, మీ అమ్మని జర చూసుకోండ్రి.

---

వార్డు_సిస్టరమ్మ

మంచిదమ్మా, చెప్పుల కబురు విని సంతోషం వేసింది. రోజూ అలా ఏదో ఒకటి వస్తుంది, తొందరపెట్టకు.

నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతా తండ్రీ అని చెట్టు కింద పడుకుంటే దేవుడు ముందు ప్రసంగం చెయ్యలేదు, రొట్టె, నీళ్లు పెట్టించి పడుకోబెట్టాడు, లేపి మళ్లీ తినిపించాడు, మాటలు తర్వాత. ఇన్ని నెలలు రాత్రంతా మేలుకుంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. ముందు మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి రాస్తారు, అది విశ్వాసం లేకపోవడం కాదని హిజ్కియా అంజూరపు ముద్ద గుర్తు చెయ్యి. ఆవిడ రానంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఫ్రీ, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. నీకోసం కూడా చెయ్యొచ్చు, అమ్మ కోసమే అనుకోకు. ఇద్దరిలో ఎవరికైనా బతకాలని లేదు అనే మాట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇంకోటి, అమ్మకి బీపీ, షుగర్ టాబ్లెట్లు ఉన్నాయా? ఉంటే వేసుకుంటోందో లేదో స్ట్రిప్ లెక్కపెట్టి చూడు, ఇలాంటప్పుడు చాలామంది మానేసి కూడా వేసుకున్నాననే చెప్తారు.